పదివేల అడుగుల లెక్క ఎక్కడిది? ఫిట్‌నెస్ బ్యాండ్ మనల్ని ఎంతవరకు నడిపించగలదు?

భారత్‌లో వయోజనుల్లో దాదాపు సగం మంది ఆరోగ్యానికి అవసరమైనంతగా కదలడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ పత్రికలో ప్రచురించిన అంచనాల ప్రకారం, 2022 నాటికి దేశంలో తగినంత శారీరక శ్రమ లేనివారు 49.4 శాతం. 2000 సంవత్సరంలో ఇది 22 శాతమే. పురుషుల్లో 42 శాతం మంది ఈ కోవలో ఉండగా, మహిళల్లో 57 శాతం మంది ఉన్నారు. ఇదే తీరు కొనసాగితే 2030 నాటికి ఈ సంఖ్య 60 శాతానికి చేరవచ్చని అధ్యయనం హెచ్చరించింది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడినప్పుడు, దేశంలో మధుమేహంతో జీవిస్తున్నవారు 10.1 కోట్ల మందని తేలింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే వైద్యులు నడవమని ఎందుకంతగా పోరుతారో అర్థమవుతుంది.

మరోవైపు, అడుగులు లెక్కపెట్టే పరికరాలకు మన దగ్గర కొదవ లేదు. మార్కెట్ పరిశోధన సంస్థ ఐడీసీ గణాంకాల ప్రకారం 2023లో దేశీయ విపణిలోకి 13 కోట్లకు పైగా ధరించే ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాయి. ఇందులో ఇయర్‌బడ్స్ వాటా పెద్దదే అయినా, స్మార్ట్‌వాచీలు, ఫిట్‌నెస్ బ్యాండ్లు కూడా కోట్లలోనే అమ్ముడయ్యాయి. ఆ మరుసటి ఏడాది స్మార్ట్‌వాచీల సరఫరా మూడో వంతుకు పైగా పడిపోయింది. కొత్త మోజు తీరిందని అనుకోవచ్చు.

ఇంతకీ ఈ పరికరం మనిషిని నిజంగా ఎక్కువ నడిపిస్తుందా? నడిపిస్తుందనే పరిశోధనలు చెబుతున్నాయి. అయితే ఎంత, ఎన్నాళ్లు అన్నది పరికరం ధర మీద కాక, అందులో మనం పెట్టుకునే అంకె మీద, ఆ అంకెను మనం చూసే తీరు మీద ఆధారపడి ఉంటుంది.

జపాన్ నుంచి వచ్చిన అంకె

చాలా పరికరాలు పెట్టెలోంచి తీసేసరికే రోజుకు పదివేల అడుగుల లక్ష్యంతో వస్తాయి. ఇది వైద్యశాస్త్రం తేల్చిన ప్రమాణమని చాలామంది నమ్మకం. దాని పుట్టుక వేరు. 1964లో టోక్యోలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. దేశమంతా వ్యాయామం గురించి మాట్లాడుకుంటున్న ఆ ఊపులో, 1965లో యమసా అనే జపాన్ కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరును మార్కెట్‌లోకి తెచ్చింది. దానికి పెట్టిన పేరు ‘మాన్పో-కేయ్’. ‘మాన్’ అంటే పదివేలు, ‘పో’ అంటే అడుగులు, ‘కేయ్’ అంటే కొలిచే సాధనం. అంటే ‘పదివేల అడుగుల మీటరు’.

పదివేలే ఎందుకన్నది భాష తెలిసినవారికి ఆసక్తి కలిగించే ప్రశ్న. మనకు వేయి, లక్ష, కోటి ఎలాగో, జపనీయులకు పదివేలు అలా సొంత పేరున్న ప్రమాణం. పెద్ద సంఖ్యలను వారు దానితోనే లెక్కిస్తారు. పైగా ఆ అంకెను రాసే అక్షరం నడుస్తున్న మనిషి బొమ్మలా కనిపిస్తుందని కూడా అంటారు. అమ్మకానికి అంతకన్నా అనువైన పేరు దొరకదు. ఆ మీటరు మరో భాషలో పుట్టి ఉంటే ఈ రోజు ప్రపంచమంతా ఇంకో గుండ్రని అంకె వెంట పరుగెత్తుతూ ఉండేదేమో.

ఈ అంకెను పరిశోధకులు గట్టిగా పరీక్షించడం చాలా ఆలస్యంగా మొదలైంది. హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం 2019లో ‘జామా ఇంటర్నల్ మెడిసిన్’లో ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. సగటు వయసు 72 ఏళ్లున్న 16,741 మంది మహిళలకు కదలికలను నమోదు చేసే పరికరాలు ఇచ్చి, తర్వాత కొన్నేళ్లపాటు వారి ఆరోగ్యాన్ని గమనించారు. రోజుకు దాదాపు 2,700 అడుగులు వేసినవారితో పోలిస్తే 4,400 అడుగులు వేసినవారిలో మరణాల రేటు 41 శాతం తక్కువగా ఉంది. అడుగులు పెరిగేకొద్దీ ప్రయోజనమూ పెరిగింది కానీ, 7,500 దగ్గర అది ఆగిపోయింది. 2025లో ‘లాన్సెట్ పబ్లిక్ హెల్త్’ ప్రచురించిన సమీక్ష 57 అధ్యయనాలను పరిశీలించింది. రోజుకు 2,000 అడుగులతో పోలిస్తే 7,000 అడుగులు వేసేవారిలో మరణ ముప్పు 47 శాతం తక్కువని అది లెక్కగట్టింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇవి మనుషులను గమనించి చేసిన అధ్యయనాలు. జబ్బుపడినవారు సహజంగానే తక్కువ నడుస్తారు కాబట్టి, తేడా అంతా నడక ఘనతేనని చెప్పలేం. ఆ ప్రభావాన్ని తొలగించేందుకు పరిశోధకులు లెక్కల్లో సర్దుబాట్లు చేస్తారు కానీ, పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు. అయినా అన్ని అధ్యయనాల్లోనూ ఒక విషయం ఒకే తీరుగా కనిపిస్తోంది. అతి తక్కువ నడిచేవారు కాస్త ఎక్కువ నడిస్తే కలిగే మేలు, ఇప్పటికే బాగా నడుస్తున్నవారు మరికాస్త నడిస్తే కలిగే మేలు కన్నా చాలా ఎక్కువ. పదివేలను చూసి బెదిరి మానేసేది సరిగ్గా ఆ మొదటి రకం వారే.

పట్టీ లోపల ఏం జరుగుతుంది?

తెలుగులో ‘అడుగు’ పాదం వేసే చర్యకూ పేరే, పొడవును కొలిచే ప్రమాణానికీ పేరే. ఫిట్‌నెస్ ట్రాకర్ ఈ రెంటిలో దేనినీ నేరుగా చూడదు. అది ఉండేది మణికట్టు మీద. దానికి తెలిసింది చేయి ఊపు ఒక్కటే.

పట్టీలో యాక్సెలరోమీటర్ అనే సూక్ష్మ సెన్సర్ ఉంటుంది. మూడు దిశల్లో వచ్చే వేగపు మార్పులను అది సెకనుకు ఎన్నోసార్లు నమోదు చేస్తుంది. మనిషి నడుస్తున్నప్పుడు ఈ మార్పులు ఒక లయలో, సెకనుకు సుమారు రెండుసార్లు వస్తాయి. ఆ లయను సాఫ్ట్‌వేర్ పోల్చుకుని అడుగులుగా లెక్క వేస్తుంది. చేయి కదలకపోతే లెక్క తప్పుతుంది. చంకలో బిందె పెట్టుకుని నడిచే మహిళ, బిడ్డను ఎత్తుకున్న తల్లి, తోపుడుబండి నెట్టే వ్యాపారి ఎంత నడిచినా పట్టీ అందులో కొంత వదిలేస్తుంది. చపాతీ పిండి గట్టిగా కలిపినా, బండ మీద బట్టలు ఉతికినా కూర్చున్నచోటే కొన్ని అడుగులు వచ్చి చేరవచ్చు. సైకిల్ తొక్కితే చేతులు హ్యాండిల్ మీద స్థిరంగా ఉంటాయి కాబట్టి ఆ శ్రమలో చాలా భాగం అడుగుల ఖాతాలోకి రాదు.

వెనుకవైపు వెలిగే ఆకుపచ్చ దీపం గుండె వేగం కోసం. రక్తం ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులోని రక్తనాళాల్లో రక్తం పెరిగి తగ్గుతుంది కాబట్టి, తిరిగి వచ్చే కాంతి కూడా అదే లయలో మారుతుంది. పట్టీ వదులుగా ఉంటే ఈ కొలత చెడిపోతుంది.

కేలరీల సంగతి మరీ అధ్వానం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ఏడు పరికరాలను 60 మంది మీద పరీక్షించారు. గుండె వేగాన్ని ఆరు పరికరాలు 5 శాతం లోపు తేడాతో చెప్పాయి. ఖర్చయిన కేలరీల విషయంలో మాత్రం అన్నింటిలోకి మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అన్నింటిలోకి అధ్వానమైనది 93 శాతం తప్పింది. నడిచి వచ్చి, పట్టీ చూపిన కేలరీలను నమ్మి రెండు మైసూర్ బోండాలు అదనంగా లాగించేవారు ఈ అంకెలను గుర్తుపెట్టుకోవడం మేలు.

అయితే లెక్కలో తప్పుంటే పరికరం వృథా అనుకోనక్కరలేదు. ఒకే మనిషి ఒకే చేతికి ఒకే పట్టీ కట్టుకుని రోజూ దాదాపు అవే పనులు చేస్తుంటే, తప్పు కూడా ఇంచుమించు రోజూ ఒకేలా ఉంటుంది. అందువల్ల నిన్నటి మీతో నేటి మిమ్మల్ని పోల్చుకోవడానికి అది బాగానే పనికొస్తుంది. పక్కింటివారి పట్టీతో పోల్చుకోవడానికి అంతగా పనికిరాదు.

రుజువులు ఏమంటున్నాయి?

పాత అడుగుల మీటర్ల కాలం నుంచీ ఈ ప్రశ్నపై ప్రయోగాలు జరుగుతున్నాయి. 2007లో ‘జామా’ పత్రికలో వచ్చిన సమీక్ష 26 అధ్యయనాలను, 2,767 మందిని పరిశీలించింది. మీటరు వాడినవారి శారీరక శ్రమ వారి మునుపటి స్థాయి కన్నా దాదాపు 27 శాతం పెరిగింది. అందులో గమనించదగినది మరొకటి ఉంది. ఏదో ఒక అడుగుల లక్ష్యం పెట్టుకున్నవారిలోనే ఆ పెరుగుదల స్పష్టంగా కనిపించింది. ఊరికే తగిలించుకుని తిరిగినవారిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. 2022లో ‘లాన్సెట్ డిజిటల్ హెల్త్’లో వచ్చిన మరో విస్తృత సమీక్ష ప్రకారం, ట్రాకర్ల వల్ల రోజుకు సగటున 1,800 అడుగులు పెరుగుతాయి, బరువు ఒక కిలో మేర తగ్గుతుంది. ప్రకటనల్లో చూపించేంత అద్భుతం కాదు. అలాగని కొట్టిపారేయదగినదీ కాదు. వడివడిగా నడిస్తే నిమిషానికి సుమారు వంద అడుగులు పడతాయి. ఆ లెక్కన 1,800 అడుగులంటే రోజుకు మరో 18 నిమిషాల నడక.

ఇక నాణేనికి రెండో వైపు. సింగపూర్‌లో 800 మంది ఉద్యోగులపై ఏడాదిపాటు జరిపిన ప్రయోగ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. కొందరికి ఫిట్‌బిట్ మాత్రమే ఇచ్చారు. కొందరికి దానితోపాటు, లక్ష్యం చేరితే నగదు ఇస్తామన్నారు. ఇంకొందరి పేరిట ధర్మకార్యాలకు విరాళం ఇస్తామన్నారు. నగదు అందిన ఆరు నెలలూ ఆ బృందం బాగా నడిచింది. నగదు ఆగిపోయాక నడక మళ్లీ మొదటికే వచ్చింది. ఏడాది ముగిసేసరికి పరికరం పొందినవారిలో దాన్ని ఇంకా ధరిస్తున్నవారు సుమారు పది శాతమే. బరువు, రక్తపోటు వంటివి ఏ బృందంలోనూ చెప్పుకోదగినంత మెరుగుపడలేదు.

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో రెండేళ్లపాటు సాగిన మరో ప్రయోగం ఇంకా ఆశ్చర్యం కలిగించింది. అందులో 471 మంది యువతీయువకులు పాల్గొన్నారు. ఆహార, వ్యాయామ నియమాలు అందరికీ ఒకటే. ఆరు నెలల తర్వాత సగం మందికి జబ్బకు కట్టుకునే పరికరం ఇచ్చారు, మిగిలినవారిని తమ వివరాలు తామే నమోదు చేసుకోమన్నారు. చివరికి పరికరం ఉన్నవారు సగటున 3.5 కిలోలు తగ్గితే, లేనివారు 5.9 కిలోలు తగ్గారు. కారణం ఏమిటన్నది ఆ ప్రయోగం తేల్చలేదు. పరికరం కూడా పాత తరానిది. అయినా బరువు తగ్గించే బాధ్యతను గాడ్జెట్‌కు అప్పగించవచ్చన్న ఆశకు అది గట్టి దెబ్బే.

మీ అంకె ఏది?

ఈ ప్రయోగాలన్నింటినీ కలిపి చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. లక్ష్యం ఉండాలి, కానీ అది మనకు అందేదిగా ఉండాలి. స్మార్ట్‌ఫోన్ల సమాచారం ఆధారంగా ప్రపంచవ్యాప్తంగా అడుగుల సగటును లెక్కించిన ఒక అధ్యయనం 2017లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. అందులో ప్రపంచ సగటు 4,961 కాగా, భారతీయుల సగటు 4,297. ఆ జనాభాకు పదివేల లక్ష్యం ఇవ్వడమంటే, సగటు మనిషి తన నడకను ఒక్కసారిగా రెట్టింపుకు పైగా పెంచాలని అడగడమే. ప్రతి రాత్రీ ‘లక్ష్యం చేరలేదు’ అన్న సందేశం చూసి చూసి విసుగెత్తినవారు పట్టీని విప్పి సొరుగులో పడేస్తే, తప్పంతా వారి బద్ధకానిదేనని అనడం న్యాయం కాదు.

తక్కువ నడిచామన్న భావన మనసుకే కాక శరీరానికీ చేటు చేస్తుందని చెప్పే ప్రయోగం కూడా ఒకటుంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 162 మందికి స్మార్ట్‌వాచీలు ఇచ్చి, కొందరికి వారు నిజంగా వేసిన అడుగుల కన్నా 40 శాతం తక్కువ చేసి చూపించారు. వారి నడక నిజంగా తగ్గకపోయినా, వారిలో నిరుత్సాహం పెరిగింది, తిండి అదుపు తప్పింది, రక్తపోటు కూడా పెరిగింది. 2023లో ప్రచురితమైన ఈ ఫలితాలను చూస్తే, పరికరం చూపే అంకె సమాచారంతోపాటు ఒక తీర్పును కూడా మోసుకొస్తుందని అనిపిస్తుంది.

మరి అందే లక్ష్యాన్ని ఎలా నిర్ణయించుకోవాలి? మొదటి వారం, పది రోజులు ఏ లక్ష్యమూ లేకుండా మామూలుగా తిరగాలి. రోజూ ఎన్ని అడుగులు పడ్డాయో రాసుకోవాలి. ఆ తర్వాత పరిశోధకులు వాడిన ఒక పద్ధతి ఇంట్లో కూడా సులభంగా చేసుకోవచ్చు. గడచిన తొమ్మిది రోజుల అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పేర్చి, ఆరో స్థానంలో ఉన్నదాన్ని రేపటి లక్ష్యంగా తీసుకోవాలి. ఉదాహరణకు ఒకరి తొమ్మిది రోజుల లెక్క 2,800, 3,100, 3,300, 3,400, 3,900, 4,200, 4,600, 5,000, 6,100 అనుకుంటే, రేపటి లక్ష్యం 4,200. తొమ్మిది రోజుల్లో నాలుగు రోజులు ఆ మనిషి ఆ స్థాయికి చేరనే చేరారు కాబట్టి అది అసాధ్యం కాదు. అలాగని ఏ ప్రయత్నమూ లేకుండా దొరికేదీ కాదు. నడక పెరిగితే లక్ష్యం తనంతట తానే పెరుగుతుంది, జ్వరం వచ్చి వారం రోజులు పడుకుంటే తానే తగ్గుతుంది. అమెరికాలో 20 మందిపై జరిగిన ఒక చిన్న ప్రయోగంలో, పదివేల స్థిర లక్ష్యం ఉన్నవారి కన్నా ఇలా మారే లక్ష్యం ఉన్నవారి నడక ఎక్కువ పెరిగింది. సంఖ్య చిన్నది కాబట్టి దీన్ని తిరుగులేని రుజువుగా భావించనక్కరలేదు కానీ, ఆలోచన మాత్రం సహేతుకం.

ఇంటిల్లిపాదీ కలిసి నడవడం మరో మార్గం. ఫ్రామింగ్‌హామ్ హృద్రోగ అధ్యయనంలో ఉన్న 94 కుటుంబాలతో జరిపిన ప్రయోగం 2017లో ప్రచురితమైంది. అందులో ప్రతి కుటుంబానికీ వారం మొదట్లోనే 70 పాయింట్లు ఇచ్చేశారు. రోజూ కుటుంబంలో ఒకరిని చీటీ తీసినట్లు ఎంచుతారు. నిన్న వారు తమ లక్ష్యం చేరి ఉంటే పాయింట్లు పదిలం, లేకపోతే పది పోతాయి. ఎవరి వంతు వస్తుందో ముందుగా తెలియదు కాబట్టి అందరూ నడవాల్సిందే. ఈ ఆట ఆడిన కుటుంబాల్లో అడుగులు మిగతావారి కన్నా రోజుకు సుమారు 950 ఎక్కువ పెరిగాయి. ఆట ముగిశాక తేడా తగ్గినా పూర్తిగా మాయం కాలేదు. సింగపూర్‌లో నగదు సాధించలేనిదాన్ని ఇక్కడ ఇంటివారి ముందు మాట పోకూడదన్న పట్టుదల కొంతవరకు సాధించిందని చెప్పుకోవచ్చు. తాతయ్య లక్ష్యం 3,000, మనవరాలి లక్ష్యం 9,000 అయినా ఆట చెడదు, ఎందుకంటే ఇందులో ఎవరి అంకె వారిదే.

పట్టీకి కనిపించనివి

‘నేచర్’ అధ్యయనంలో భారత పురుషుల సగటు 4,606 అడుగులు, మహిళల సగటు 3,684. ఈ తేడా వార్తల్లో బాగా నానింది. కానీ ఆ లెక్కలు ఐఫోన్ ఉండి, ఒక ప్రత్యేక యాప్ వాడుతున్నవారివి. ఫోన్ ఒంటి మీద ఉన్నంతసేపే అది అడుగులను లెక్కిస్తుంది. చీరకు జేబు ఉండదు. వంటింట్లో, పెరట్లో, మేడ మీద తిరిగేటప్పుడు ఫోన్ ఎక్కడో బల్ల మీద ఉంటుంది. తేడాలో కొంత భాగం నడకది కాక ఫోన్‌ది అయ్యే అవకాశాన్ని కొట్టిపారేయలేం.

మిగిలిన భాగం మాత్రం నిజమైన సమస్యే. నడవడానికి అనువైన వీధులున్న నగరాల్లో ఎక్కువ నడిచేవారికీ తక్కువ నడిచేవారికీ మధ్య అంతరం తక్కువగా ఉందని అదే అధ్యయనం గుర్తించింది. కాలిబాట లేని రోడ్డును, చీకటి పడితే వెలగని వీధి దీపాన్ని, మే నెలలో రామగుండం ఎండను, నవంబరులో ఢిల్లీ పొగమంచును ఏ పట్టీ లెక్కలోకి తీసుకోదు. ఆ రోజుల్లో లక్ష్యం తప్పితే నష్టం లేదు. ఇంట్లోనో, దుకాణ సముదాయంలోనో పది నిమిషాలు నడిచినా మేలే.

అడుగులే వ్యాయామమంతా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ లేదా 75 నిమిషాల తీవ్ర శ్రమ చేయాలని, దానితోపాటు వారానికి రెండు రోజులైనా కండరాలకు బలం చేకూర్చే వ్యాయామం చేయాలని సూచిస్తున్నాయి. ఆ రెండో సూచనను అడుగుల అంకె పట్టించుకోదు. అలాగే, కొలవడం మొదలుపెట్టాక ఇష్టంగా చేసే పని కూడా ఉద్యోగంలా అనిపిస్తుందని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన జోర్డన్ ఎట్కిన్ 2016లో వరుస ప్రయోగాల్లో చూపారు. సాయంత్రం స్నేహితులతో కబుర్లు చెప్పుకుంటూ తిరిగే అలవాటు ఇప్పటికే ఉన్నవారు పట్టీని ఇంట్లో వదిలేసి వెళ్లినా కొంప మునిగిపోదు.

సమాచార భద్రత గురించి కూడా ఒక మాట. వ్యాయామ యాప్ స్ట్రావా తన వినియోగదారుల దారులన్నీ కలిపి విడుదల చేసిన ప్రపంచ పటంలో మారుమూల ప్రాంతాల సైనిక స్థావరాల రూపురేఖలు కనిపించడం 2018 జనవరిలో పెద్ద వివాదమైంది. రోజూ ఏ వేళకు ఏ దారిన నడుస్తారన్న సమాచారం సామాన్యుల విషయంలోనూ సున్నితమైనదే. యాప్ సెట్టింగ్స్‌లో నడక దారులను ఎవరు చూడవచ్చో పరిశీలించి, ఇతరులకు కనిపించకుండా చేసుకోవడం మంచిది. వ్యక్తిగత డేటా సేకరణకు స్పష్టమైన సమ్మతి అవసరమని మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చెబుతోంది. ఆ సమ్మతి బటన్ నొక్కే ముందు చదివే ఓపిక మాత్రం మనదే కావాలి.

గుండె జబ్బు, కీళ్ల సమస్య ఉన్నవారు, గర్భిణులు లక్ష్యం పెట్టుకునే ముందు వైద్యుడిని అడగాలి. గుండె లయ తప్పిందని పట్టీ హెచ్చరిస్తే పరీక్ష చేయించుకోవాలి. పట్టీ ఏమీ చెప్పకపోయినా నడుస్తుండగా ఛాతీలో నొప్పి, విపరీతమైన ఆయాసం వస్తే వెంటనే ఆగి ఆసుపత్రికి వెళ్లాలి.

పట్టీ కొనాలా వద్దా అని ఇంకా తేల్చుకోనివారు ముందు చేతిలో ఉన్న ఫోన్‌తోనే ప్రయత్నించవచ్చు. చాలా స్మార్ట్‌ఫోన్లలో అడుగులను లెక్కించే సదుపాయం ముందే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2019 ఆగస్టు 29న ప్రారంభించిన ఫిట్ ఇండియా ఉద్యమానికి చెందిన మొబైల్ యాప్‌లోనూ అడుగుల లెక్క ఉంది, దానికి రుసుము లేదు. ఫోన్‌ను జేబులోనో, నడుముకు కట్టుకునే చిన్న సంచిలోనో ఉంచుకుంటే చాలు. ఛార్జింగ్‌లో పెట్టి ఇల్లంతా తిరిగితే మాత్రం ఆ అడుగులు లెక్కకు రావు.